వాపు మర్మము నెఱిగిన మెచ్నికాఫ్

వాపును చూచి బలుపని భ్రమపడరాదని పెద్దలు చెప్పుదురు. లోకవ్యవహారమున ఆ మాట నూటికి నూఱుపాళ్లు నిజము. కాని వాపునందే శరీరముయొక్క బలము దాగియున్నదని చెప్పి, ఆ మాటను నిలువబెట్టుటకు ఇరువదియైదు సంవత్సరములు పోరాడిన మహనీయుడొకడు కలడు. ఆతడు రష్యా సామ్రాజ్యమున పుట్టి ఫ్రాన్సు దేశమున స్థిరపడిన ఇల్యా మెచ్నికాఫ్. ఫ్రెంచివారు ఆయనను ఎలీ మెచ్నికాఫ్ అని పిలిచిరి.

కాలిలో ముల్లు విఱిగినప్పుడు ఆ చోటు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచి, సలుపు పెట్టుట పొలము పనికి పోవువారిలో ఎఱుగనివారుండరు. రెండు మూడు దినములకు చీము పట్టును. చీముతో ముల్లు వెడలివచ్చును. రోమక దేశపు గ్రంథకర్త సెల్సస్ క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమునందే ఎఱుపు, వాపు, వేడి, నొప్పి అను నాలుగు లక్షణములను పేర్కొనెను. మన సుశ్రుతుడు వ్రణశోథము పచ్చిగా నున్నప్పుడెట్లుండునో, పక్వమైనప్పుడెట్లుండునో వివరించి, శస్త్రము వేయవలసిన సమయమును నిర్ణయించెను. అయితే లక్షణము తెలియుట వేఱు, కారణము తెలియుట వేఱు. ఆ వాపు శత్రువు చేసిన చెఱుపా, లేక శత్రువును ఎదుర్కొనుటకు శరీరము చేయు సన్నాహమా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము 1882వ సంవత్సరము చివర సిసిలీ ద్వీపమున సముద్రపుటొడ్డున నున్న ఒక అద్దె యింటిలో దొరకినది. దొరకుటకు సాధనము ఒక గులాబిముల్లు.

మెచ్నికాఫ్ 1845 మే నెలలో ఖార్కోవ్ నగరమునకు సమీపమున ఇవానోవ్కా యను పల్లెయందు జన్మించెను. ఆ ప్రాంతము నేడు యుక్రేయిన్ దేశములో నున్నది. తండ్రి చక్రవర్తి అంగరక్షక దళమున అధికారిగా నుండెను. రాజధానిలో విలాసములకు, జూదమునకు ధనము వ్యయమైపోగా కుటుంబముతో పల్లె చేరెను. తల్లి యూదు వంశమునకు చెందిన ఒక గ్రంథకర్త కుమార్తె. బుద్ధిమంతురాలు. అయిదుగురు సంతానములో ఇల్యా కడగొట్టువాడు. ఒకచోట కుదురుగా కూర్చుండని వాడగుటచే ఇంటివారు వానిని పాదరసమని పిలుచుచుండిరట.

అన్న లియోకు చదువు చెప్పుటకై ఇంట నొక వైద్యవిద్యార్థిని నియమించిరి. ఆ యువకుడు పొలములలోను తోటలలోను తిరిగి మొక్కలను సేకరించుచుండగా అన్నకంటె తమ్మునికే ఆ విద్య పట్టుబడెను. ఎనిమిదేండ్ల ప్రాయమునందే ఇల్యా తనకు తెలిసిన వృక్షశాస్త్రమును అన్నలకును ఇరుగుపొరుగు పిల్లలకును బోధింప మొదలిడెను. వినువారు దొరకనప్పుడు తనకు చేతిఖర్చుకిచ్చిన చిల్లరను వారికి పంచి కూర్చుండబెట్టెడివాడు. చదువు చెప్పి జీతము పుచ్చుకొనుట లోకములో నున్నదే గాని, జీతమిచ్చి చదువు చెప్పుట ఈ బాలునియందే చూడనగును.

1856లో ఖార్కోవ్ ఉన్నత పాఠశాలలో చేరెను. ఆరు సంవత్సరములు అచ్చట చదివెను. పాఠశాల గోడలు వానికి చాలలేదు. విశ్వవిద్యాలయమునకు పోయి పెద్దల ఉపన్యాసములు వినెను. జర్మను భాష నేర్చి ఆ భాషలోని జంతుశాస్త్ర గ్రంథములను చదివెను. ఒక సూక్ష్మదర్శినిని ఎరువు తెచ్చుకొని, నిలువ నీటి బిందువులలో కంటికి కానరాని ప్రాణులు ఈదులాడుటను గంటలకొలది చూచుచుండెను. పదునాఱవ యేటనే ఒక ఆచార్యుడు రచించిన భూగర్భశాస్త్ర పాఠ్యగ్రంథమును విమర్శించుచు వ్యాసము వ్రాసి అచ్చువేయించెను.

సాహసముతోపాటు తొందరపాటును వానికి పుట్టుకతో వచ్చినది. ఆ చిఱుతనమందే సూక్ష్మప్రాణుల సంతానోత్పత్తిని గూర్చి క్రొత్త సంగతి కనుగొంటినని తలచి ఒక వ్యాసము సిద్ధపఱచి మాస్కో ప్రకృతిశాస్త్ర పరిషత్తు పత్రికకు పంపెను. పత్రికవారు దానిని స్వీకరించిరి. తరువాత మఱల పరిశీలింపగా, తాను పుట్టుక యని వ్రాసినది ఆ ప్రాణులు చచ్చి శిథిలమగుచుండుటయే యని తేలెను. వెంటనే ఆ వ్యాసమును అచ్చువేయవలదని ఆ బాలుడే పత్రికవారికి లేఖ వ్రాసెను. పుట్టుకకును చావునకును భేదము గుర్తింపకపోవుట చిన్న పొరపాటు కాదు. తన తప్పును తానే పట్టుకొనుటయు చిన్న గుణము కాదు.

1862లో స్వర్ణపతకముతో పాఠశాల చదువు ముగించెను. వైద్యము చదువవలెనని వానికి కోరిక యుండెను. తల్లి వలదని వారించెను. ఇతరుల బాధ చూచి ఓర్వలేని మెత్తని మనస్సు వానిదని ఆమెకు తెలియును. తల్లి మాట విని జంతుశాస్త్రమును చేపట్టెను. వైద్యపట్టము లేని ఆ కుమారుడే తరువాత వైద్యులకు పాఠము చెప్పవలసిన వాడయ్యెను. జర్మనీలోని వుర్ట్జ్‌బర్గ్ నగరమునకు చదువుకై పోయి, అచ్చట తరగతులింకను ఆరంభము కాలేదని తెలిసి, పరాయి దేశమున దిక్కుతోచక కొలది దినములలోనే ఇల్లు చేరెను. ఆ వ్యర్థప్రయాణములో తెచ్చుకొన్న పుస్తకములలో డార్విన్ రచించిన జాతుల పుట్టుక ఒకటి. ఆ యొక్క పుస్తకము ప్రయాణపు ఖర్చంతయు తీర్చినదని చెప్పవచ్చును. అల్పప్రాణి మొదలు మనుష్యుని వఱకు జీవులన్నియు ఒకే వంశవృక్షపు కొమ్మలన్న భావము ఆనాటినుండి వాని మనస్సున నాటుకొనెను. అల్పప్రాణిలో చూచిన దానితో మనుష్యశరీరపు మర్మమును తెలియవచ్చునను ధైర్యము దానినుండి వచ్చినదే.

నాలుగేండ్ల విశ్వవిద్యాలయపు చదువును రెండేండ్లలో, 1864 నాటికి, ముగించెను. పిమ్మట హెలిగోలాండ్ ద్వీపమునకును, గీసెన్ నగరమునకును, నేపుల్సుకును పరిశోధనకై పోయెను. ధనము చాలక పస్తులుండిన దినములు కలవు. 1865లో గీసెన్ నగరమున ఒక బల్లపరుపు పురుగును పరీక్షించుచు, దాని కణములు ఆహారపు తునుకలను తమలోనికి తీసికొని లోలోపలనే జీర్ణము చేసికొనుట చూచెను. ఆనాడది ఒక చిన్న విశేషముగా మాత్రమే తోచెను. దాని విలువ పదునేడేండ్లకు గాని బయటపడలేదు. నేపుల్సులో తన దేశస్థుడే యగు కొవలెవ్‌స్కీతో స్నేహము కుదిరెను. వారిద్దఱు అల్పజంతువుల పిండముల పెరుగుదలను గూర్చి చేసిన కృషికి 1867లో బేయర్ బహుమానము లభించెను. అప్పటికి మెచ్నికాఫ్‌కు ఇరువదిరెండేండ్లు.

విద్యలో ఇంత వేగముగా పైకి వచ్చినవానికి సంసారమున సుఖము లేకపోయెను. పీటర్స్‌బర్గులో తాను జబ్బుపడినప్పుడు సేవచేసిన లుడ్మిలా యను యువతిని 1869లో వివాహమాడెను. ఆమెకు అప్పటికే క్షయరోగము. పెండ్లినాడు నడువలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి దేవాలయములోనికి మోసికొనిపోయిరి. ఆమెను బ్రతికించుటకు నాలుగేండ్లు చేయని ప్రయత్నము లేదు. పాఠములు చెప్పి, అనువాదములు చేసి, కన్నులు చెడునంతగా రేయింబవళ్లు పనిచేసి, ఆ ధనముతో ఆమెను వెచ్చని దేశములకు పంపెను. తుదకు 1873 ఏప్రిల్ నెలలో మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. మెచ్నికాఫ్ ఆ దుఃఖమునకు తాళలేక మితిమీఱి మార్ఫియాను మ్రింగెను. మోతాదు మఱీ ఎక్కువగుటచే వాంతియై ప్రాణము నిలిచెను. ఆ దినములలోనే ఒక రాత్రి జెనీవాలో దీపము చుట్టును మూగి తిరుగుచున్న రెక్కపురుగులను చూచెను. కొలది గంటలు మాత్రమే బ్రతుకు నిట్టి ప్రాణులకు డార్విన్ సిద్ధాంతము ఎట్లు వర్తించునను ప్రశ్న మనస్సున పుట్టెను. ప్రశ్న పుట్టిన వెనుక చావు తలపు తొలగిపోయెను.

ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండగా, ఆయన ఇంటి పైయంతస్తులో ఒక పెద్ద కుటుంబముండెను. పిల్లల అల్లరికి ఓర్వలేక ఫిర్యాదు చేయబోయిన ఆచార్యుడు, ఆ ఇంటి పెద్దకుమార్తె ఓల్గాకు జంతుశాస్త్రము నేర్ప నారంభించెను. ఆమె అప్పటికింకను పాఠశాలలో చదువుచున్న బాలిక. 1875లో వారికి వివాహమయ్యెను. ఓల్గా భర్తకు పరిశోధనలో తోడుగా నిలిచి, ఆయన గతించిన పిదప ఆయన జీవితచరిత్రను రచించినది. ఆయన బాల్యమును గూర్చి, మనోవ్యథలను గూర్చి లోకమునకు తెలిసినది చాలవఱకు ఆమె చలువయే.

1880లో ఓల్గాకు సన్నిపాతజ్వరము వచ్చి ప్రాణము మీదికి వచ్చెను. విశ్వవిద్యాలయమున రాజకీయ కక్షలు. ఆయనకు గుండెదడ, నేత్రవ్యాధి. 1881లో ఆయన మఱల నిస్పృహకు లోనయ్యెను. ఈసారి చచ్చుటయైనను శాస్త్రమునకు పనికిరావలెనని కాబోలు, తిరుగుజ్వరము గల రోగి రక్తమును తన శరీరమున ఎక్కించుకొనెను. ఆ జ్వరము రక్తము ద్వారా అంటునా యను సంశయము తీఱినది. తాను మాత్రము చావు అంచుల దాక పోయి తిరిగివచ్చెను. విచిత్రమేమనగా, ఆ జ్వరము విడిచిన తరువాత ఆయనకు జీవితముపై ఎన్నడును లేని ఆశ కలిగెను. చావవలెనని రెండుమాఱులు యత్నించిన ఈ మనుష్యుని శరీరము రెండుమాఱులును చావనొల్లలేదు. శరీరము తన్ను తాను కాపాడుకొనుటను గూర్చి చెప్పుటకు ఆయనకంటె తగినవారెవరు?

1882లో ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, తలిదండ్రులను పోగొట్టుకొన్న ఓల్గా తమ్ముళ్లను చెల్లెండ్రను వెంటబెట్టుకొని ఇటలీ దేశమందలి మెస్సినా నగరము చేరెను. సిసిలీ ద్వీపమున జలసంధి యొడ్డున నున్న ఊరది. సముద్రమెదురుగా నున్న ఇంటిలో ముందు గదియే ఆయన ప్రయోగశాల. పల్లెకారులు వలలలో తెచ్చియిచ్చు సముద్రజంతువులే ఆయన సంపద.

క్రిస్టమస్ దినములవి. ఒకనాడు కుటుంబమంతయు కోతులచే విద్యలు చేయించు సర్కసు చూడబోయెను. మెచ్నికాఫ్ ఒంటరిగా కూర్చుండి నక్షత్రమత్స్యపు పిల్లను సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. నీటివలె నిర్మలమైన శరీరమగుటచే దాని లోపలి వ్యవహారమంతయు అద్దములో వలె కనబడుచుండును. ఆ శరీరమున కొన్ని కణములు స్వేచ్ఛగా ప్రాకుచు తిరుగుచుండెను. ఇట్లు తిరుగు కణములు ఆహారము మ్రింగుటను ఆయన పూర్వము పలుమాఱులు చూచియున్నాడు. నాడు హఠాత్తుగా ఒక ఊహ మెఱపువలె మెఱసెను. ఈ కణములు ఆహారమునకే కాక శత్రువులను తిని శరీరమును కాపాడుటకును ఏల ఉండరాదు? అట్లయినచో, ఇంత పిల్లప్రాణి యొంటిలో ముల్లు గ్రుచ్చినను, మన కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు జరిగినట్లే, ఆ ముల్లు చుట్టును కణములు పోగుపడవలెను.

కూర్చుండలేక గదిలో పచార్లు చేసి, సముద్రపు టొడ్డునకు పోయి వచ్చెను. ఇంటి తోటలో పిల్లల పండుగ కొఱకు ఒక చిన్న నారింజ మొక్కను అలంకరించియుండిరి. ఆ తోటలోనే గులాబిచెట్టునుండి నాలుగు ముండ్లు కోసి తెచ్చి, నక్షత్రమత్స్యపు పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవాఱకమునుపే లేచి చూచెను. ముల్లు చుట్టును కణములు దండు విడిసినట్లు మూగియుండెను!

ఈ ప్రయోగమున విశేషమేమి? ముల్లు గ్రుచ్చినచో చీము పట్టునని చంటిపిల్లకును తెలియును గదా? ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. ఆనాటి వైద్యులు జర్మను పండితుడగు కోన్‌హైమ్ మతమును అనుసరించుచుండిరి. కోన్‌హైమ్ 1867లో కప్పపై ప్రయోగములు చేసి, వాపు కలిగినచోట తెల్ల రక్తకణములు నాళములనుండి వెలుపలికి వచ్చుటను ప్రత్యక్షముగా చూపినవాడు. అయితే ఆయన దృష్టిలో మూలము రక్తనాళముల గోడలు చెడుటయే. చెడిన గోడలనుండి రక్తపు నీరును కణములును స్రవించును, గండిపడిన చెఱువునుండి నీరు పోయినట్లు. తెల్లకణములు సూక్ష్మజీవులకు వాహనములై రోగమును ఒడలెల్ల వ్యాపింపజేయునని చెప్పువారును ఉండిరి. నక్షత్రమత్స్యపు పిల్లకు రక్తనాళములు లేవు. గండిపడుటకు చెఱువే లేదు. అయినను కణములు నడచివచ్చి ముల్లును చుట్టుముట్టినవి. కనుక అవి స్రవించినవి కావు, తమంత తాము కదలి వచ్చినవి. వాపులో ముఖ్యమైన పని ఈ కణములదే, రక్తనాళములు వానికి దారి యిచ్చుటకు తరువాత ఏర్పడిన సాధనములు. అంతవఱకు లోకమంతయు వాపును ఖర్చుపద్దున వ్రాసియుండగా, మెచ్నికాఫ్ దానిని జమపద్దున వ్రాసెను.

మఱుసటి సంవత్సరము మెస్సినాకు వచ్చిన సుప్రసిద్ధ వైద్యుడు విర్కో ఈ ప్రయోగమును చూచి మెచ్చుకొనెను. వైద్యగ్రంథములు దీనికి సరిగా వ్యతిరేకముగా చెప్పుచున్నవనియు, జాగ్రత్తతో ముందునకు సాగవలెననియు హితవు చెప్పెను. వియన్నాలో ఒక ఆచార్యుని సలహాపై ఆ కణములకు గ్రీకు భాషనుండి ఫాగోసైటులని పేరు పెట్టిరి. భక్షక కణములని మనము చెప్పుకొనవచ్చును. అదే యేడు ఒడెస్సా మహాసభలో మెచ్నికాఫ్ శరీరముయొక్క స్వస్థశక్తిని గూర్చి ఉపన్యసించెను.

ముల్లు ముల్లే కాని రోగము కాదు. రోగబీజములతో కణములు పోరాడుట చూపవలసియుండెను. కుంటలలో నివసించు దాఫ్నియా యను అత్యల్పమైన నీటిపురుగు ఆయనకు ఆ సాక్ష్యమిచ్చెను. అదియు పారదర్శకమే. దానికొక బూజుజాతి రోగము వచ్చును. ఆ రోగపు బీజములు సూదులవంటివి. పురుగు మ్రింగిన ఆహారముతో కడుపున చేరి, ప్రేగును చీల్చుకొని శరీరములోనికి దూరును. వెంటనే తెల్లకణములు వానిని చుట్టుముట్టి మ్రింగి జీర్ణించును. కణములు గెలిచిన పురుగు బ్రతుకును. బీజములు కొన్ని తప్పించుకొని మొలకెత్తిన పురుగు చచ్చును. ఈ యుద్ధమునంతయు కన్నులార చూచి 1884లో విర్కో పత్రికలో ప్రకటించెను.

1886లో ఒడెస్సాలో పిచ్చికుక్క కాటునకు పాశ్చరు పద్ధతిని టీకాలు వేయుటకు ఒక సంస్థ నెలకొల్పి మెచ్నికాఫ్‌ను అధ్యక్షుని చేసిరి. వైద్యపట్టము లేనివాడు వైద్యశాల నడపుట యేమని ఊరి వైద్యులు గొణగిరి. ఆయన ఊరలేని సమయమున గొఱ్ఱెలకు వేసిన దొమ్మరోగపు టీకా వికటించి వేలకొలది గొఱ్ఱెలు చచ్చినవి. అట్టి గొడవల నడుమ పరిశోధన సాగదని తెలిసికొని 1888లో పారిసు పోయి పాశ్చరును దర్శించెను. పాశ్చరు ఆయన సిద్ధాంతమును మనసార ఆదరించి, క్రొత్తగా కట్టిన తన సంస్థలో ఒక ప్రయోగశాలను ఇచ్చెను. అప్పటినుండి ఇరువదియెనిమిదేండ్లు, కడ ఊపిరి వఱకు, మెచ్నికాఫ్‌కు అదియే ఇల్లు.

1891లో ఆ సంస్థలో వాపును గూర్చి వరుసగా ఉపన్యాసములిచ్చెను. అవి మఱుసటి యేడు గ్రంథరూపమున వెలువడెను. ఆ గ్రంథపు నడక మిక్కిలి అందమైనది. ఒంటికణపు అమీబాతో మొదలుపెట్టి, స్పాంజి, పురుగు, కీటకము, చేప, కప్ప, క్షీరదము అను మెట్లెక్కుచు, గాయమునకు ప్రతి ప్రాణి యెట్లు బదులు చెప్పునో చూపును. రక్తము లేని ప్రాణిలో ఎఱుపు లేదు, వేడి లేదు. భక్షక కణములు మాత్రము మెట్టు మెట్టునను కనబడును. సెల్సస్ పేర్కొన్న నాలుగు లక్షణములు పైపై గుర్తులే గాని అసలు వాపు ఆ కణముల పనియేయని దాని సారాంశము.

ఆ సమయముననే జర్మనీనుండి ఎదురుదాడి వచ్చెను. 1890లో బేరింగ్, కిటసాటో యను వారు, ధనుర్వాతపు విషమును విఱుచు శక్తి రక్తరసముననే యున్నదని చూపిరి. రక్షించునది కణము కాదు, రసమని వారి పక్షము. రాబర్ట్ కాక్ అంతటివాడు ఆ పక్షమున నిలిచెను. ఫ్రెంచి, జర్మను దేశముల నడుమ నున్న పాతపగయు ఈ వాదమునకు ఆజ్యము పోసినది. మెచ్నికాఫ్ సభలలో జుట్టు చెదరి, చేతులూపుచు, గంటలకొలది వాదించెడివాడు. 1894లో ఫైఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, కలరా క్రిములు కణముల సహాయము లేకయే పందికొక్కువంటి గినీపందుల కడుపులో కరిగిపోవుటను చూపినప్పుడు ఆయన మిక్కిలి క్రుంగిపోయెను. ఆ ప్రశ్నను ఆయన ప్రయోగశాలలోనే పనిచేయుచున్న బోర్డే యను యువకుడు చేపట్టి, రక్తరసమునందు క్రిములను కరిగించు ద్రవ్యములు రెండు కలవని నిరూపించెను. అది గురువు పక్షమునకంటె ప్రతిపక్షమునకే ఎక్కువ బలమిచ్చు ఫలితము. గురువు శిష్యుని అడ్డగింపలేదు. వాదమున పట్టుదల ఎంతయున్నను, ప్రయోగశాల తలుపు మూయకుండుట ఆయన గొప్పతనము.

సాహసమున ఆయన పాతవాడే. 1892లో కలరా క్రిములను పెంచిన నీటిని త్రాగెను. ఆయనకేమియు కాలేదు. ఆయనవలె త్రాగినవారిలో ఒకడు చావు దాక పోయి బ్రతికెను. ఇట్టి పని మెచ్చదగినది కాదు. తన ప్రాణమును పణముగా నొడ్డువానికి ఇతరుల ప్రాణమును ఒడ్డు అధికారము లేదు.

ఆయన శిష్యులలో ఒకనికి మన దేశము ఋణపడియున్నది. ఒడెస్సాలో ఆయనవద్ద చదివిన హాఫ్కిన్, గురువు వెనుకనే పారిసు చేరి, మఱి యే యుద్యోగమును దొరకక 1889లో పాశ్చరు సంస్థ గ్రంథాలయమున సహాయకుడుగా కుదిరెను. పగలు పుస్తకములు సర్దుచు, తీరికవేళల ప్రయోగములు చేయుచు, 1892లో కలరాకు టీకా సిద్ధపఱచి ముందు తనకే వేసికొనెను. 1893లో భారతదేశమునకు వచ్చి వేలాది జనులకు ఆ టీకా వేసెను. బొంబాయిలో మహామారి చెలరేగినప్పుడు దానికిని టీకా చేసి 1897 జనవరిలో తనపైననే పరీక్షించుకొనెను.

కణపక్షము, రసపక్షము అను వాదము తీరుటకు కాలము పట్టినది. రసములోని కొన్ని ద్రవ్యములు క్రిములకు అంటుకొని వానిని కణములకు రుచికరము చేయునని ఇంగ్లండులో ఆల్మ్రాత్ రైట్ 1903లో చూపిన పిదప, రెండు పక్షములును ఒకే సైన్యములోని రెండు దళములని తేలెను. 1908లో నోబెలు బహుమానమును మెచ్నికాఫ్‌కును, రసపక్షపు మహాపండితుడైన పాల్ ఎర్లిక్‌కును కలిపి ఇచ్చిరి. ఆ యేడే డిసెంబరు 28వ తేదీన భూకంపము వచ్చి, ఆ ముల్లు ప్రయోగమునకు నిలయమైన మెస్సినా నగరము నేలమట్టమైపోయెను.

కడపటి దశాబ్దమున ఆయన దృష్టి వార్ధక్యముపై పడెను. పెద్దప్రేగులో కుళ్లు పుట్టించు క్రిములవలన శరీరము విషపూరితమై ముసలితనము త్వరగా వచ్చుననియు, పాలను తోడుపెట్టు క్రిములు ఆ కుళ్లును ఆపుననియు తలచెను. జెనీవాలో చదువుచున్న స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా విద్యార్థి 1905లో తన దేశపు పెరుగునందలి తోడుక్రిమిని కనుగొనగా, మెచ్నికాఫ్ దానిని లోకమంతట ప్రచారము చేసెను. ఐరోపాలో పెరుగు మందుల అంగళ్లకు ఎక్కెను. పూటపూటకు మజ్జిగ త్రాగు మనకిది నవ్వు పుట్టించు సంగతి. పెరుగు తిన్నంత మాత్రమున నూఱేండ్లు బ్రతుకుదురని ఆయన రుజువు చేయలేదు. చిన్ననాటి తొందరపాటు ముసలితనమునను ఆయనను విడువలేదనవలెను. అయినను ప్రేగులలోని క్రిములకును శరీరారోగ్యమునకును సంబంధము కలదన్న మూలభావము నేడు శాస్త్రజ్ఞులు మిక్కిలి శ్రద్ధతో పరిశోధించుచున్న విషయము.

వాపు విషయమున నేటి వైద్యము ఆయన మాటను నిలుపుచు, దానికొక హెచ్చరికను చేర్చినది. కావలివాడు దొంగను పట్టుటకు లేచుట మేలే. దొంగ లేనప్పుడును, పోయిన తరువాతను, నిద్రింపక ఇంటివారినే కొట్టుచున్నచో అది కీడు. కీళ్లవాతము కొన్ని రకములలో జరుగునది ఇదియే. గుండె రక్తనాళములు పూడుకొనిపోవుటలోను చల్లారని వాపు పాత్ర కలదని తేలినది. చిన్న ప్రాణులలో పరిశీలించి పెద్ద ప్రాణుల రహస్యమెఱుగు ఆయన బాటలోనే పోయి, ఈగలు శిలీంధ్రముల నెట్లు ఎదుర్కొనునో కనుగొన్న జూల్స్ హాఫ్‌మన్ 2011లో నోబెలు బహుమానమందిన వారిలో ఒకడు.

1914లో యుద్ధము వచ్చి ప్రయోగశాల శూన్యమైపోయెను. పడుచువారందఱు రణరంగమునకు పోయిరి. శాస్త్రము పెరిగినచో మనుష్యులు వివేకవంతులగుదురని నమ్మిన వృద్ధునకు అది కోలుకోలేని దెబ్బ. గుండెజబ్బు ముదిరెను. మంచముపై నుండియు తన రోగలక్షణములను తానే వ్రాసికొనుచుండెను. తాను పోయిన తరువాత తన ప్రేగులను పరీక్షించి చూడవలెనని వైద్యమిత్రుని కోరెను. 1916 జూలై 15వ తేదీన, డెబ్బదియొకటవ యేట, పారిసు నగరమున మరణించెను. దేహమును దహనము చేసి, ఆ భస్మమును ఒక పాత్రలో నుంచి పాశ్చరు సంస్థ గ్రంథాలయమున పుస్తకముల నడుమ నిలిపిరి. అది నేటికిని అచ్చటనే యున్నది.